గాలీ నీడా ఎరిగినవాళ్లకు మూకీ సినిమాలు



‘మాయాబజార్’ మనకు కంఠతా వచ్చిన సినిమా. ఈసారి టీవీలో వేసినప్పుడు ఒక పని చేసి చూడండి. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ఎత్తాక, తన పెళ్లి ముచ్చట తానే చెప్పుకుంటూ మాయా శశిరేఖ ఆడే పాట ఒకటుంది కదా, అది మొదలవగానే శబ్దం పూర్తిగా తీసేయండి. ఘంటసాల గొంతు ఉండదు, పి. సుశీల గొంతు ఉండదు. తెర మీద సావిత్రి ఒక్కతే ఉంటుంది. సిగ్గులొలికే పెళ్లికూతురి ఒంట్లోంచి ఒక్కసారిగా రాక్షసుడు తొంగిచూస్తాడు. అంతలోనే తమాయించుకుని మళ్లీ ఆడపిల్ల అయిపోతాడు. ఆ నడకలో, ఆ చూపులో, ఆ భుజాల విసురులో అంతా తెలిసిపోతుంది. మాట అవసరమే పడదు. 1957లో, టాకీలు వచ్చి పాతికేళ్లు దాటాక తీసిన సినిమాలో మూకీ నటన అంత నిండుగా కనబడుతుంది.

ఆ సినిమా తీసిన కె.వి. రెడ్డి, అంటే కదిరి వెంకటరెడ్డి, మన తాడిపత్రిలో పుట్టారు. పుట్టింది 1912లో. 1931 అక్టోబరులో ‘కాళిదాసు’ విడుదలై తెర మీద తెలుగు మాట వినిపించేనాటికి ఆయనకు పంతొమ్మిదేళ్లు. బాల్యమూ కౌమారమూ మూకీల కాలంలోనే గడిచిపోయాయన్నమాట.

ఈ రోజు ఆ మూకీల గురించే చెప్పాలనుకుంటున్నాను. మనుషులు గబగబా నడుస్తారు, పెదాలు కదులుతాయి కానీ ఏమీ వినిపించదు, ఇందులో చూడటానికేముంది అని పక్కన పెట్టేసినవాళ్లు మరీ ముఖ్యంగా వినాలి. అనంతపురం మనిషికి మూకీ సినిమా పరాయిది కాదని నా గట్టి నమ్మకం. దాన్ని చూడటానికి కావలసిన చూపు మనకు ఎప్పుడో అబ్బింది.

‘మాయాబజార్’నే ఇంకాస్త పట్టుకుందాం. పెళ్లి వంటకాలన్నీ ఘటోత్కచుడు ఒక్కడే ఆరగించే ఘట్టం చూడండి. లడ్డూలు వాటంతట అవే లేచి నోట్లోకి దూకుతాయి. ఆ రోజుల్లో కంప్యూటర్లు లేవు. మార్కస్ బార్ట్లే కెమెరా, ఆగి ఆగి తీసే ఓపిక, ఒకే ఫిల్ము మీద రెండుసార్లు బొమ్మ పట్టే నేర్పు, అంతే. ఈ కిటుకుల మూలం పారిస్‌లో ఉంది. జార్జ్ మెలియెస్ అనే ఆయన అక్కడ ఇంద్రజాల ప్రదర్శనలు ఇచ్చేవాడు, అందుకోసం సొంతంగా ఒక నాటకశాల నడిపేవాడు. ఒకనాడు వీధిలో బొమ్మ తీస్తుంటే కెమెరా కాసేపు పట్టేసిందట. సరిచేసి మళ్లీ తిప్పాడు. తర్వాత తెర మీద వేసి చూస్తే జనాన్ని మోసుకుపోతున్న బండి ఉన్నట్టుండి శవాన్ని మోసుకెళ్లే బండి అయిపోయింది. ఈ సంగతి ఆయనే చెప్పుకున్నాడు. కెమెరా ఆపి, వస్తువు మార్చి, మళ్లీ తిప్పితే మాయ పుడుతుందని తెలిసిపోయింది. 1902లో ఆయన తీసిన ‘ఎ ట్రిప్ టు ది మూన్’ పావుగంటకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. చంద్రుడి కంట్లో ఫిరంగిగుండు గుచ్చుకున్న ఆ బొమ్మను ఎక్కడో ఒకచోట మీరు చూసే ఉంటారు. మూకీలు మొదలుపెట్టేవాళ్లు అక్కడ మొదలుపెట్టవచ్చు. ఇంట్లో పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్లకు ఎవరూ ఏమీ విడమరచనక్కర్లేదు.

మెలియెస్ చివరి రోజులు తలచుకుంటే గుండె కలుక్కుమంటుంది. ఐదు వందలకు పైగా చిత్రాలు తీసిన మనిషి అప్పుల పాలై, 1923లో తన నెగటివ్‌లు తానే తగలబెట్టుకున్నాడు. పారిస్‌లో ఒక రైల్వే స్టేషన్లో బొమ్మలూ మిఠాయిలూ అమ్ముకుని బతికాడు. ఆ చంద్రయాత్ర చిత్రానికి చేత్తో రంగులద్దిన ప్రతి ఒకటి చాలా ఏళ్ల తర్వాత స్పెయిన్‌లోని బార్సిలోనాలో బయటపడింది. బాగుచేసి 2011లో కాన్ ఉత్సవంలో వేశారు.

శశిరేఖ కథకూ మూకీ చరిత్ర ఉంది. 1921లోనే కొల్హాపూర్‌లో బాబూరావు పెయింటర్ ‘సురేఖా హరణ్’ తీశారు. తర్వాత మహా దర్శకుడైన వి. శాంతారాం అందులో నటుడు.

ఇక నీడల దగ్గరికి వస్తాను. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది. జిల్లాలు విడిపోయాక శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది కానీ మనకెప్పుడూ మన ఊరే. అక్కడి తోలుబొమ్మల కళాకారులు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఊళ్లో బొమ్మ ఎలా పుడుతుందో చూడాలి. మేకతోలును వెంట్రుక లేకుండా గీకి, వెలుతురు చొరబడేంత పలచగా చేసి ఆరబెడతారు. దాని మీద బొమ్మ గీస్తారు. నగల దగ్గర, చీర అంచుల దగ్గర సన్నటి చిల్లులు కొడతారు. రంగులద్దుతారు. భుజం, మోచేయి, మోకాలు విడివిడి ముక్కలుగా కోసి దారంతో ముడివేస్తారు. తెల్లటి పంచెలు కలిపి కట్టిన తెర, దాని వెనక దీపం, ఆ దీపానికీ తెరకూ మధ్య సీతమ్మ, హనుమంతుడు, రావణుడు. నడుమ నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి నవ్వించిపోతారు. ఒకప్పుడు ఆముదం దీపాలు వెలిగించేవారు. ఆ మంట రెపరెపలాడితే తెర మీద బొమ్మకు ప్రాణం వచ్చేది.

బెర్లిన్‌లో పుట్టిన లోటె రైనిగర్ అనే అమ్మాయి ఇదే పని కెమెరాతో చేసింది. నల్ల అట్టనూ పలచటి సీసపు రేకునూ కత్తిరించి, కీళ్ల దగ్గర తీగతో ముడివేసి, గాజు బల్ల మీద పరిచి, కింది నుంచి వెలుగు పెట్టి, పై నుంచి కెమెరాతో తీసేది. బొమ్మను వెంట్రుకవాసి జరపడం, ఒక ఫ్రేము తీయడం, మళ్లీ జరపడం. పోట్స్‌డామ్‌లో ఒక ధనవంతుడి కారుషెడ్డు మీది గదిలో 1923లో మొదలుపెట్టి 1926 దాకా ఇలా చేస్తూ ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ ప్రిన్స్ అక్మెడ్’ పూర్తి చేసింది. డిస్నీ ‘స్నో వైట్’ కంటే పదకొండేళ్లు ముందు! గంటకు పైగా నడిచే బొమ్మల సినిమాల్లో ఇప్పటికీ మిగిలి ఉన్నవాటిలో ఇదే అన్నిటికంటే పాతది.

కథ మనకు కొత్తేమీ కాదు. ఎగిరే గుర్రం, దుష్ట మాంత్రికుడు, అల్లావుద్దీన్ దీపం. ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడిని చూసి పెరిగిన వాళ్లం మనం. అదీ కె.వి. రెడ్డి గారి సినిమానే, 1951లో వచ్చింది. రైనిగర్ సినిమా చివర్లో మాంత్రికుడికీ మంత్రగత్తెకీ జరిగే యుద్ధం తప్పకుండా చూడండి. వాడొక జంతువైతే ఆమె ఇంకో జంతువు. నీడ కరిగి నీడవుతుంది. నిమ్మలకుంట బొమ్మల్లో రంగులూ కళ్లూ మాట్లాడతాయి. రైనిగర్ బొమ్మకు ముఖమంతా నలుపే, కళ్లు కూడా చాలావరకు కనబడవు. అందుకే ఆమె వేళ్లతో నటింపజేసింది. రాకుమారి చేయి చాచినప్పుడు ఆ వేలి కొసలను గమనించండి. రెండింటిలో ఏది గొప్పదని నన్నడిగితే తేల్చలేను కానీ, తోలుబొమ్మలాట చూసినవాళ్లు ఈ సినిమా చూసినంత బాగా ఇంకెవరూ చూడలేరని మాత్రం చెప్పగలను. నిమ్మలకుంటలో ఒక రాత్రి తెర కట్టి, ముందు రామాయణం ఒక ఘట్టం ఆడించి, ఆ తర్వాత అదే తెర మీద ఈ సినిమా వేస్తే ఎంత బాగుంటుందో. అలా చేసేవాళ్లు ముందుకు రావాలి.

జర్మనీలో అప్పుడు నీడలతో ఇంకా చాలా చేశారు. 1920లో వచ్చిన ‘ది క్యాబినెట్ ఆఫ్ డాక్టర్ కాలిగరి’లో వీధులూ గోడలూ వంకరగా ఉంటాయి, నీడలను నేల మీద రంగుతో గీసేశారు. పిచ్చివాడి కంటికి ఊరు ఎలా కనబడుతుందో అలా కట్టారు. 1927 నాటి ఫ్రిట్జ్ లాంగ్ ‘మెట్రోపోలిస్’ను అందరూ ముందు చూడమంటారు. చూడాల్సిందే, కానీ రెండున్నర గంటల సినిమా. అలవాటు పడ్డాక చూస్తే మేలు. దానికంటే ముందు 1922లో మూర్నౌ తీసిన ‘నోస్‌ఫెరాటు’ చూడండి. రక్తపిశాచి మెట్లెక్కి వస్తుంటాడు, మనకు కనబడేది గోడ మీద వాడి నీడ, ఆ గోళ్లు మాత్రమే. భయపెట్టడానికి ఒక్క చప్పుడు అక్కర్లేదని ఆ ఒక్క దృశ్యం రుజువు చేస్తుంది.

అయితే అనంతపురం వాళ్లు చూడవలసిన మూకీ ఒక్కటే చెప్పమంటే ఇవేవీ చెప్పను. ‘ది విండ్’ చెబుతాను. అంటే గాలి.

1928లో వచ్చింది. స్వీడన్ నుంచి హాలీవుడ్ వెళ్లిన విక్టర్ షోస్ట్రోమ్ తీశాడు. లిలియన్ గిష్ నటించింది. లెట్టీ అనే అమ్మాయి పచ్చటి వర్జీనియా నుంచి టెక్సస్ మెట్టప్రాంతానికి, బంధువుల ఇంటికి వస్తుంది. అక్కడ వాన ఉండదు, చెట్టు ఉండదు, గాలి మాత్రం ఉంటుంది. రైలు దిగకముందే ఇసుక కిటికీని కొడుతుంది. తినే రొట్టెలో ఇసుక, కడిగే పళ్లెంలో ఇసుక. తలుపు సందుల్లోంచి, గోడ పగుళ్లలోంచి లోపలికి వస్తూనే ఉంటుంది. ఆ గాలి క్రమంగా ఆమె మనసులోకి ఎలా దూరిందన్నదే కథ. ఆకాశంలో తెల్లటి గుర్రం ఒకటి గాలై దౌడు తీస్తున్నట్టు ఆమెకు కనబడుతుంది.

ఈ సినిమాను ఇంగ్లండులో, ఫ్రాన్సులో గొప్పగా మెచ్చుకుంటారు. మనకు మాత్రం మెచ్చుకోవడం కంటే ముందు ఇది తెలిసిన సంగతి. నైరుతి రుతుపవనాల నెలల్లో మబ్బులు మన తల మీదుగా దాటిపోతాయి, వాన పడదు, గాలి మాత్రం మిగులుతుంది. ఆషాఢం గాలికి కప్పు రేకులు లేచిపోవడం, కళ్లలో మట్టి పడటం, పైటలు నిలవకపోవడం ఎవరికి తెలియదు? రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఆ గాలిని చూసే కదా. బొమ్మనహాళ్, కణేకల్ వైపు వేదవతి, మనం హగరి అని పిలిచే ఏరు, దాని ఒడ్డు ఇసుక మేటలు గాలికి జరిగి పొలాల మీదికి వస్తాయి. ఏడాదికి సగటున ఐదు వందల యాభై మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన పడే నేల మనది. విత్తిన శెనక్కాయ మొలకెత్తుతుందా లేదా అని ఇంటిముందు కూర్చుని ఆకాశం చూసే ఆడవాళ్లు లెట్టీ ముఖాన్ని వెంటనే గుర్తుపడతారు.

ఆ సినిమా తీసింది కాలిఫోర్నియాలోని మొహావే ఎడారిలో. ఎనిమిది విమానాల పంకాలు తెచ్చి ఇసుకను నటుల మీదికి కొట్టారు. ఎండకు ఫిల్ము చెడిపోకుండా చల్లగా దాచవలసి వచ్చింది. లోహపు తలుపు పిడి పట్టుకుని గిష్ చేయి కాలింది. ఇంత కష్టపడి తీస్తే, అప్పటికే టాకీలు వచ్చేయడంతో జనం పట్టించుకోలేదు. ముగింపు విషయంలో నాకు అసంతృప్తి ఉంది. కథను సుఖాంతం చేయడానికి చివర్లో మలుపు తిప్పారు, దానికి ముందున్న బరువును అది మోయలేదు. కానీ ఆ ముందు వచ్చే అరగంట, ఇసుక కింద పాతిపెట్టిందేదో గాలికి మళ్లీ బయటపడే దృశ్యం, ఇంతకంటే గొప్ప దృశ్యం మూకీల్లో నేను ఎరగను. గాలి కనబడదు, మూకీలో వినబడదు కూడా. అది కదిలించిన గడ్డిని, జుట్టును, దీపాన్ని, మనిషిని మాత్రమే దర్శకుడు చూపించగలడు. శబ్దం ఉంటే హోరు పెట్టి సరిపెట్టేసేవాడు.

గొర్రెల మందలు తోలుకుని మేత కోసం ఊళ్లకు ఊళ్లు దాటిపోయే కుటుంబాలు మన దగ్గర ఉన్నాయి. వాళ్లకు చూపించాల్సింది ‘గ్రాస్’, 1925. ఇరాన్‌లో బఖ్తియారీ అనే జాతి వేల మంది, లక్షల జీవాలతో గడ్డి కోసం కరూన్ నది ఈది, మంచుకొండలను ఉత్తకాళ్లతో ఎక్కి దాటుతారు. కల్పన కాదు, నిజంగా వాళ్ల వెంట నడిచి తీసినది. తీసినవాళ్లలో ఇద్దరు తర్వాత ‘కింగ్ కాంగ్’ తీశారు.

సరే, మరి మన మూకీలు? ఇక్కడే మనసు కష్టపెట్టే మాట చెప్పాలి.

మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య మద్రాసులో ఫోటో స్టూడియో నడిపేవారు. గ్రామఫోనుతో జతచేసి బొమ్మ వేసే క్రోనో మెగాఫోన్ యంత్రాన్ని భారీ ఖర్చు పెట్టి తెప్పించుకుని, విక్టోరియా పబ్లిక్ హాల్లో ఆడించారు. డేరా కట్టుకుని బర్మా, సింహళం దాకా తిరిగారు. మౌంట్ రోడ్డులో గెయిటీ థియేటర్ కట్టారు. కొడుకు రఘుపతి ప్రకాశ్‌ను సినిమా నేర్చుకోవడానికి విదేశాలకు పంపారు. 1921లో తండ్రీకొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థ పెట్టి ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. ప్రకాశే భీష్ముడు. తెలుగువాళ్లు తీసిన తొలి కథాచిత్రం అదే. తర్వాత ప్రకాశ్ ఎన్నో మూకీలు తీశారు. వాటిలో ఒక్కటీ ఈ రోజు మనకు చూడటానికి లేదు. దేశంలో పదమూడు వందల దాకా మూకీలు తయారైతే, ముక్కలూ చెక్కలూ కలిపి మిగిలినవి ఓ ముప్పై వరకే.

ఆ ఫిల్ము నైట్రేటుతో తయారైనది. ఎండకు జిగురై, పొడై పోతుంది. నిప్పు తగిలితే క్షణాల్లో మండిపోతుంది. టాకీలు వచ్చాక పాత రీళ్లకు విలువ లేక, అందులోని వెండి కోసం కరిగించేశారు. పూణేలో నైట్రేటు ఫిల్ములు దాచిన గది 2003 జనవరిలో కాలిపోయింది కూడా.

మన సీమ నాటకం అప్పట్లో మద్రాసు దాకా పేరు మోసింది. కానీ ఆ నాటకమంతా గొంతులో ఉంది. తాడిపత్రిలోనే పుట్టిన బళ్లారి రాఘవ గారు కెమెరా ముందుకొచ్చింది 1936లో, ‘ద్రౌపదీ మానసంరక్షణం’ టాకీతో. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. యవ్వనంలో ఆయన అభినయాన్ని ఒక్క రీలైనా పట్టి ఉంచిన మూకీ ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది.

దక్షిణాదిలో మిగిలిన మూకీ ‘మార్తాండ వర్మ’, 1933. మలయాళ నవల ఆధారంగా తిరువనంతపురంలో ఆడింది. నవల హక్కులున్న పుస్తక ప్రచురణ సంస్థ కోర్టుకెక్కితే ప్రదర్శన ఆగిపోయి, ప్రింటు వాళ్ల చేతికి వచ్చింది. దశాబ్దాల పాటు అలా మూలన పడి ఉండి, 1974లో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ చేతికి చేరింది. ఆడుతూనే ఉంటే అరిగిపోయేది, ఆగిపోయింది కాబట్టి బతికింది. ‘నోస్‌ఫెరాటు’కు దీనికి సరిగ్గా ఎదురు జరిగింది. తమ నవల కథనే వాడుకున్నారని ‘డ్రాక్యులా’ రచయిత భార్య దావా వేస్తే ప్రింట్లన్నీ నాశనం చేయమని జర్మన్ కోర్టు తీర్పిచ్చింది. అప్పటికే దేశాలు దాటిపోయిన ప్రింట్ల వల్లే అది మనకు మిగిలింది.

దాదాసాహెబ్ ఫాల్కే 1919లో తీసిన ‘కాళియ మర్దన్’ కూడా దాదాపు పూర్తిగా ఉంది. ఆయన ఏడేళ్ల కూతురు మందాకిని అందులో కృష్ణుడు. మొదట్లో ఆ పాప కెమెరా ముందు కోపం, నవ్వు, అల్లరి ఒకదాని వెంట ఒకటి చూపిస్తుంది. చూసి తీరాలి. ఆర్కైవ్‌ను ఏళ్ల తరబడి నడిపిన పి.కె. నాయర్ గారు ముక్కలు ముక్కలుగా దొరికినదాన్ని ఫాల్కే నోటు పుస్తకాల సాయంతో వరుస పెట్టి అతికించారు.

మూకీలు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. అప్పట్లో కెమెరా చేత్తో తిప్పేవారు, సెకనుకు పదహారు, పద్దెనిమిది ఫ్రేములు. ఇరవై నాలుగు చొప్పున వేస్తే మనుషులు పరుగెడతారు. అది సినిమా తప్పు కాదు. నెట్‌లో ఒకే సినిమా పది రకాలుగా దొరుకుతుంది. బాగుచేసిన ప్రతినే వెతుక్కోండి. సంగీతం నచ్చకపోతే తీసేయండి. ఆ రోజుల్లోనూ హాలును బట్టి, హార్మోనియం, తబలా వాయించేవారిని బట్టి సంగీతం మారేది. మాట లేకుండా రెండు గంటలు కుదరదనుకునేవాళ్లు ముందుగా 1987 నాటి మన సింగీతం శ్రీనివాసరావు గారి ‘పుష్పక విమానం’ చూడండి. ఆయన కె.వి. రెడ్డి గారి దగ్గర సహాయకుడిగా పని నేర్చుకున్నవారు.

ఇంకొక విన్నపం. 1928 నాటి ‘ది ప్యాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్’ అసలు నెగటివ్ కాలిపోయి, దర్శకుడు డ్రయర్ కన్నుమూసిన చాలా ఏళ్లకు, 1981లో ఓస్లోలోని ఒక మానసిక వైద్యశాల అల్మారాలో పూర్తి ప్రింటు దొరికింది. మద్రాసు నుంచి బొంబాయి వెళ్లే రైలు దారి మన తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగా పోతుంది, ఆ దారిలో ఏ రీలు ఎక్కడ మిగిలిపోయిందో ఎవరికి తెలుసు. మీ ఇంట్లో, మీకు తెలిసిన పాత హాళ్లలో, ఒకప్పుడు డేరా సినిమా నడిపినవాళ్ల అటకల మీద తుప్పు పట్టిన రీలు డబ్బాలుంటే పారేయకండి. ఆడించి చూద్దామని ప్రొజెక్టర్‌కు ఎక్కించకండి. బీడీ, దీపం దగ్గరికి తేకండి. ఎండ తగలని చల్లటి చోట విడిగా పెట్టి, డబ్బా మీద ఏమి రాసి ఉందో చూసుకుని, పూణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు ఉత్తరం రాయండి.